చట్టం గడప బయటే ఆగిపోతే

భారతదేశంలో పొగ తాగే పెద్దలు నూటికి పదకొండు మంది కూడా లేరు. 2016-17లో జరిగిన ప్రపంచ వయోజన పొగాకు సర్వే (గాట్స్) రెండో విడత ప్రకారం 15 ఏళ్లు దాటినవాళ్లలో బీడీయో సిగరెట్టో చుట్టో కాల్చేవాళ్లు 10.7 శాతం. మగవాళ్లలో 19 శాతం, ఆడవాళ్లలో 2 శాతం. అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. ఇంట్లో ఇతరులు కాల్చే పొగ బారిన పడుతున్నవాళ్లు 38.7 శాతం. రెండంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇళ్లలో ఏం జరుగుతోందో అర్థమవుతుంది. ఒకరు కాలుస్తున్నారు, ఇంటిల్లిపాదీ పీలుస్తున్నారు.

ఆ 38.7 శాతంలో పిల్లలు లేరు. సర్వే వాళ్లను అడగలేదు, అది పెద్దలకు ఉద్దేశించినది. కానీ ఆ ఇళ్లలోనే పిల్లలున్నారు, పెద్దల కంటే ఎక్కువసేపు ఉంటారు. ఉద్యోగానికో పొలానికో వెళ్లే మనిషి రోజులో సగం బయట గడుపుతాడు. ఏడాదిలోపు బిడ్డ లోకమంతా రెండు గదులు, ఒక ఉయ్యాల, ఎవరో ఒకరి ఒడి. పొగ వస్తే లేచి వరండాలోకి వెళ్లే వీలు ఆ బిడ్డకు లేదు. ముక్కు మూసుకోవడమూ తెలియదు.

పైగా పసిబిడ్డ ఊపిరి వేగం వేరు. పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 18 సార్లు ఊపిరి తీస్తే అప్పుడే పుట్టిన బిడ్డ 40 నుంచి 60 సార్లు తీస్తుంది. బరువుతో పోల్చి చూస్తే ఒకే గదిలో ఉన్న తండ్రికంటే బిడ్డ ఒంట్లోకి వెళ్లే గాలి చాలా ఎక్కువ, గాలితోపాటు అందులో ఉన్నదీ ఎక్కువే. ఊపిరితిత్తులు పుట్టేనాటికి పూర్తిగా తయారై ఉండవు, ఆ తర్వాత ఏళ్లపాటు పెరుగుతూనే ఉంటాయి. పెరిగే వయసులో పడిన దెబ్బ పెరుగుదల మీదే పడుతుంది.

గదిలో నిండే పొగలో ఎక్కువ భాగం కాల్చే మనిషి నోట్లోంచి వచ్చేది కాదు. రెండు దమ్ముల మధ్య వేళ్ల సందున సిగరెట్ ఊరికే కాలుతున్నప్పుడు దాని కొస నుంచి లేచేదే ఎక్కువ. దమ్ము లాగినప్పుడు కొస బాగా వేడెక్కి మండుతుంది, ఊరికే ఉన్నప్పుడు తక్కువ వేడిలో సగం సగం కాలుతుంది. అలా కాలినప్పుడు విషపదార్థాలు కొన్ని మరింత ఎక్కువగా పుడతాయి. పొగాకు పొగలో ఏడువేలకు పైగా రసాయనాలున్నాయని, వాటిలో సుమారు డెబ్బై క్యాన్సర్ కలిగించేవని అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య ప్రధానాధికారి అయిన సర్జన్ జనరల్ 2010 నివేదిక చెప్పింది. ఫిల్టర్ సిగరెట్ కాబట్టి ఫర్వాలేదనుకునే తండ్రి గమనించని సంగతి ఒకటుంది. ఆ ఫిల్టర్ గుండా వెళ్లే పొగ అతని నోట్లోకి వెళ్తుంది. బిడ్డ దగ్గరికి వచ్చేది అవతలి కొస నుంచి. అక్కడ ఫిల్టర్ లేదు.

దీనివల్ల ఏమవుతుందన్నది ఇప్పుడు కొత్తగా తేల్చాల్సిన విషయం కాదు. 1974లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో లండన్ నుంచి ఒకటి, జెరూసలేం నుంచి ఒకటి రెండు అధ్యయనాలు వచ్చాయి. తల్లిదండ్రులు పొగ తాగే ఇళ్లలో ఏడాదిలోపు పిల్లలకు నెమ్ము, శ్వాసనాళాల వాపు (బ్రాంకైటిస్) ఎక్కువగా వస్తున్నాయని ఆ రెండూ చెప్పాయి. వింతేమిటంటే అప్పట్లో ఈ సంగతి పెద్దగా ఎవరికీ పట్టలేదు. 1981లో జపాన్ పరిశోధకుడు తకేషి హిరాయామా 91,540 మంది పొగ తాగని భార్యలను పద్నాలుగేళ్లు గమనించి, భర్త ఎక్కువగా సిగరెట్లు కాలిస్తే భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతోందని చూపించాకే ప్రపంచం ఉలిక్కిపడింది. పిల్లల నెమ్ముకు రాని కదలిక పెద్దల క్యాన్సర్‌కు వచ్చింది. పొగాకు కంపెనీలు కూడా ఆ జపాన్ లెక్కల మీదే ఏళ్ల తరబడి దాడి చేశాయి.

2006లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక అప్పటిదాకా పోగైన ఆధారాలన్నిటినీ ఒకచోట పెట్టింది. ఇతరుల పొగ పీల్చే పిల్లలకు నిద్రలోనే హఠాత్తుగా ప్రాణం పోయే ముప్పు ఎక్కువ. నెమ్ములాంటి ఊపిరితిత్తుల జబ్బులు ఎక్కువ. చెవిపోటు, చెవిలో చీము ఎక్కువ. ఉబ్బసం ఉన్న పిల్లల్లో అది ముదిరి, దాడులు తరచుగా వస్తాయి. ఊపిరితిత్తుల పెరుగుదల మందగిస్తుంది. ఇంతవరకు ఫర్వాలేదు అని చెప్పగల మోతాదు లేదని కూడా ఆ నివేదిక తేల్చింది. కడుపుతో ఉన్న తల్లి ఇతరుల పొగ పీల్చినా బిడ్డ బరువు కొంత తగ్గుతుంది. ఒక్కో బిడ్డలో అది కొన్ని గ్రాముల తేడానే. కానీ తక్కువ బరువుగా లెక్కించే రెండున్నర కిలోల గీతకు అటూ ఇటూ పుట్టే పిల్లలు ఇంతమంది ఉన్న దేశంలో ఆ కొన్ని గ్రాములను తేలిగ్గా తీసిపారేయలేం.

చెవి సంగతి చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. పొగకు, చెవికి ఏం సంబంధం? ముక్కు వెనక నుంచి మధ్య చెవిలోకి ఒక సన్నని గొట్టం ఉంటుంది. పిల్లల్లో అది పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. పొగ వల్ల లోపలి పొర వాచి ఆ గొట్టం మూసుకుపోతే చెవిలో నీరు దిగకుండా నిలుస్తుంది, అందులో క్రిములు చేరతాయి. ఏటా నాలుగైదు సార్లు చెవి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లే తల్లికి చల్లనీళ్లు, ఐస్‌క్రీమ్ మీద ఉన్నంత అనుమానం హాల్లో ఉన్న యాష్ ట్రే మీద ఉండదు.

2011లో లాన్సెట్‌లో వచ్చిన ఒక అంచనా 192 దేశాల 2004 నాటి లెక్కలను తీసుకుంది. ప్రపంచంలోని పిల్లల్లో 40 శాతం మంది ఇతరుల పొగ పీలుస్తున్నారని, ఆ పొగ వల్ల ఒక్క ఏడాదిలో ఆరు లక్షల మంది చనిపోయారని, వాళ్లలో 1,65,000 మంది నెమ్ములాంటి జబ్బులతో పోయిన పిల్లలని చెప్పింది. ఆ పిల్లల మరణాల్లో ఎక్కువ భాగం ఆఫ్రికా, దక్షిణాసియా వైపు దేశాలవి. పొగ అన్నిచోట్లా ఒకటే. కానీ తక్కువ బరువుతో పుట్టి, టీకాలు సగం పడి, ఆస్పత్రి దూరంగా ఉన్న బిడ్డకు అదే పొగ ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి ఈ విషయాన్ని ధనిక దేశాల ఆరోగ్య చాదస్తంగా చూడటం తలకిందుల లెక్క.

ఇక ఇళ్లలో జరిగే సర్దుబాట్ల దగ్గరికి వద్దాం. పిల్లల ముందు కాల్చకూడదని ఇప్పుడు చాలామందికి తెలుసు. అందుకే బాల్కనీలోకి వెళ్తారు. బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకుని కాలుస్తారు. పిల్లలు బడికి వెళ్లాక హాల్లో కాల్చి రూమ్ ఫ్రెషనర్ కొడతారు. ఈ ఏర్పాట్లలో వాసన పోతుంది, అందరికీ మనశ్శాంతి కలుగుతుంది. పొగ మాత్రం అంతగా పోదు. ఫ్యాను, కిటికీ, ఏసీ పొగను పలచన చేస్తాయి, పక్క గదికి తరలిస్తాయి. గాలి ఆడే ఏర్పాట్లతో ఇతరుల పొగ బెడదను పూర్తిగా తీసేయడం సాధ్యం కాదని 2006 నివేదిక స్పష్టంగానే చెప్పింది.

బయటికి వెళ్లి కాల్చడం వీటన్నిటికంటే మేలే, ఎంత మేలో కొలిచారు కూడా. 2004లో అమెరికాలోని శాన్ డియేగో పరిశోధకులు పసిపిల్లలున్న ఇళ్లను మూడు రకాలుగా విడదీశారు: ఎవరూ తాగనివి, బయటికి వెళ్లి తాగేవి, లోపలే తాగేవి. లోపల తాగే ఇళ్లలో పిల్లల మీద పడే పొగాకు ప్రభావం బయట తాగే ఇళ్లకంటే మూడు నుంచి ఎనిమిది రెట్లు ఉంది. అయితే బయట తాగే ఇళ్లలో కూడా అది ఎవరూ తాగని ఇళ్లకంటే అయిదు నుంచి ఏడు రెట్లు ఉంది. ఆఖరి దమ్ము లాగాక కూడా కొద్దిసేపు ఊపిరిలో పొగ వస్తూనే ఉంటుంది. చొక్కాకు, చేతులకు, మీసానికి పట్టిన నికోటిన్ మనిషితోపాటు లోపలికి వస్తుంది. దుప్పట్లు, సోఫా, కర్టెన్లు, గోడలు దాన్ని పీల్చుకుని నెలల తరబడి వదులుతుంటాయి. నేలమీద పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు అది ముక్కు ద్వారానే కాక నోటి ద్వారా, చర్మం ద్వారా కూడా చేరుతుంది. కాల్చే మనిషి పీల్చేది మొదటి అంచె, పక్కవాళ్లు పీల్చేది రెండో అంచె అయితే దీన్ని మూడో అంచె పొగ అంటున్నారు. దానివల్ల ఎంత హాని అన్నదాని మీద ఆధారాలు మొదటి రెండు అంచెల మీద ఉన్నంత గట్టిగా ఇంకా లేవు. వస్తువుల మీద, మనుషుల మీద అది అంటి ఉంటుందన్నది మాత్రం కొలిచి చెప్పిందే.

కారు సంగతి మరీ ఇరుకు. కిటికీ అంగుళం దించి, చెయ్యి బయటపెట్టి కాల్చే అలవాటు రోడ్డుమీద ఎక్కడైనా కనిపిస్తుంది. కారు కదులుతుంటే కిటికీ దగ్గర ఏర్పడే గాలి సుడి పొగలో కొంత భాగాన్ని వెనక సీటువైపే తోస్తుంది. ఇక్కడ ఒక పిట్టకథ చెప్పుకోవాలి. కారులో పొగ, బార్‌లో పొగకంటే 23 రెట్లు విషపూరితమని చాలాకాలం ప్రచారంలో ఉంది. 2011లో బ్రిటన్ డాక్టర్ల సంఘమైన బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ కూడా ఆ అంకెను వాడి, తర్వాత దానికి సరైన ఆధారం లేదని తెలిసి 11 రెట్లుగా సరిదిద్దుకుంది. 11 రెట్లు చాలదా? మంచి పనికోసం పెంచి చెప్పిన అంకె చివరికి అవతలివాళ్ల చేతికే ఆయుధమవుతుంది. ఈ రంగంలో నిజమైన అంకెలే భయపెట్టడానికి సరిపోతాయి. ఇంగ్లండ్, వేల్స్ 2015 అక్టోబర్ 1 నుంచి, స్కాట్లాండ్ 2016 డిసెంబర్ నుంచి 18 ఏళ్లలోపు పిల్లలున్న కారులో పొగ తాగడాన్ని నేరం చేశాయి.

మన ఇళ్లలో అసలు పొగ అంటే అంత భయం లేదు. పసిబిడ్డకు లాలపోశాక నిప్పుల మీద సాంబ్రాణి చల్లి తలకు పొగ పట్టిస్తారు. జలుబు చేయదంటారు. బాలింత గదిలో చలిగాలి రాకుండా కిటికీలు మూస్తారు. సందెవేళ దోమల కాయిల్ వెలుగుతుంది. కొన్ని ఊళ్లలో వంట ఇంకా కట్టెల పొయ్యి మీదే. వీటి మధ్య తాతగారి బీడీ ఒక్కటే తప్పుగా కనిపించదు. కనిపించకపోవడానికి కారణం లేకపోలేదు. చైనా, మలేషియా కాయిల్స్‌ను పరీక్షించి 2003లో వేసిన లెక్కలో ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళికి సమానమని తేలింది. ఇది వింటే, ఇక బీడీని ఏమంటాం అనిపిస్తుంది. అయితే కాయిల్ రాత్రంతా కాలుతుంది, సిగరెట్ అయిదు నిమిషాల్లో అయిపోతుంది. పైగా పొగాకు పొగలో ధూళితోపాటు నికోటిన్, పొగాకులోనే పుట్టే నైట్రోసమైన్లు అనే క్యాన్సర్ కారకాలు ఉంటాయి. అవి వేరే పొగల్లో లేవు. కట్టెల పొయ్యి బదులు గ్యాస్ కొనడానికి డబ్బు కావాలి, కాయిల్ మానేస్తే దోమతెర కావాలి. బీడీని గడప దాటించడానికి పైసా ఖర్చు లేదు. ఒక పొగ ఉంది కదా అని ఇంకో పొగను ఊరుకోవడం బిడ్డ ఊపిరితిత్తుల లెక్కలో కూడికే అవుతుంది.

తెలుగునాట ఈ విషయానికి ఇంకో ప్రత్యేకమైన పార్శ్వం ఉంది. దేశం మొత్తంమీద పొగ తాగే ఆడవాళ్లు 2 శాతమే అయినా, ఉత్తరాంధ్రలో ముఖ్యంగా తీరప్రాంత ఊళ్లలో పెద్దవయసు ఆడవాళ్లు చుట్ట తాగడం పాత అలవాటు. అందులోనూ అడ్డపొగ, అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగడం. శ్రీకాకుళం ప్రాంతంలో 10,169 మంది గ్రామస్తులను పరీక్షించిన అధ్యయనం ఒకటి 1971లో బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో వచ్చింది. అడ్డపొగ వల్ల అంగిలి మీద పడే మచ్చలు, పుండ్ల గురించి అది వివరంగా చెప్పింది. ఆ అలవాటు గురించి రాసినవాళ్లు ఎక్కువగా తాగే మనిషి నోరే చూశారు. తల్లి కూలికో చేపల బజారుకో వెళ్తే మనవళ్లను చూసుకునేది ఆ నాయనమ్మే, అమ్మమ్మే. తండ్రి పొగ సాయంత్రం పూట వస్తుంది, అమ్మమ్మ పొగ రోజంతా పక్కనే ఉంటుంది. ఈ అలవాటు కొత్త తరంలో తగ్గిపోతోంది, అందువల్ల దీని మీద ప్రచారం కూడా పెద్దగా లేదు.

పొగాకు మన దగ్గర అలవాటే కాదు, బతుకుతెరువు కూడా. 1976 నుంచి పొగాకు బోర్డు గుంటూరులో ఉంది, ఒంగోలు చుట్టుపక్కల ఊళ్లలో పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్లున్నాయి, నిజామాబాద్, జగిత్యాల వైపు ఇంటింటా ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని తంబాకు, తునికాకుతో బీడీలు చుడతారు. ఆ చాట పక్కన కూర్చున్న పిల్లలకు తగిలేది పొగ కాదు, పొగాకు దుమ్ము. అది వేరే వ్యాసం.

చట్టం విషయానికొస్తే 2003లో వచ్చిన పొగాకు ఉత్పత్తుల చట్టం (కోట్పా) నాలుగో సెక్షన్ బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది. దాని కింది నిబంధనలు 2008 అక్టోబర్ 2 నుంచి గట్టిగా అమల్లోకి వచ్చాయి. ఆస్పత్రి, బడి, ఆఫీసు, హోటలు, బస్సు, రైల్వే స్టేషన్ అన్నీ అందులో ఉన్నాయి. జరిమానా రెండు వందల దాకా. అంతకుముందు 2001 నవంబర్‌లో రాజకీయ నాయకుడు మురళీ దేవరా వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇదే దిశలో ఆదేశాలిచ్చింది, 1999లో కేరళ హైకోర్టు దారి చూపింది. 18 ఏళ్లలోపు వాళ్లకు అమ్మకూడదని ఆరో సెక్షన్ చెబుతుంది. అయినా "కొట్టుకెళ్లి ఒక సిగరెట్ పట్రారా" అని కొడుకును పంపే నాన్నలు, ఆ కుర్రాడి చేతిలో పెట్టే కొట్టువాళ్లు ఇద్దరూ తమది చట్టానికి సంబంధించిన పని అనుకోరు. ఇంట్లో పొగ మీద మాత్రం ఏ సెక్షనూ లేదు. ఉండాలని కోరడం కూడా కష్టమే. ఎవరింట్లోకి ఎవరు వచ్చి చూస్తారు? భార్య వెళ్లి భర్త మీద, కోడలు వెళ్లి మామగారి మీద ఫిర్యాదు ఇస్తుందా?

అయితే చట్టం తాకని చోట కూడా మార్పు వస్తోంది. 2009-10లో గాట్స్ మొదటి విడతలో ఇంట్లో పొగ పీలుస్తున్నవాళ్లు 52.3 శాతం. ఏడేళ్లకు అది 38.7కు దిగింది. కాల్చేవాళ్లు తగ్గడం ఒక కారణం, కానీ అంత తగ్గుదలకు అదొక్కటే సరిపోదు. బస్సులో, హోటల్లో, ఆఫీసులో కాల్చకూడదన్న అలవాటు పడ్డాక ఇంట్లో కాల్చడం కూడా కొంచెం మొరటుగా కనిపించడం మొదలైందనుకోవచ్చు.

ఇలా అనుకోవడానికి స్కాట్లాండ్ మంచి ఆధారం. అక్కడ 2006 మార్చి 26 నుంచి పబ్బులతో సహా మూసి ఉన్న బహిరంగ ప్రదేశాలన్నిటా పొగ నిషేధించారు. అప్పుడు చాలామంది వేసిన ప్రశ్న ఒకటే: పబ్బులో తాగనివ్వకపోతే ఇంటికొచ్చి పిల్లల ముందు తాగరా? దాన్ని ఊహకు వదలకుండా కొలిచారు. నికోటిన్ ఒంట్లో కోటినిన్ అనే పదార్థంగా మారుతుంది, ఉమ్ము పరీక్షిస్తే గత రెండు మూడు రోజుల్లో ఎంత పొగ పీల్చారో తెలుస్తుంది. నిషేధానికి ముందు, తర్వాత పదకొండేళ్ల పిల్లల ఉమ్ములో కోటినిన్ చూస్తే 39 శాతం తగ్గింది. పొగ ఇంటికి రాలేదు. పదిహేనేళ్లలోపు పిల్లల్లో ఉబ్బసంతో ఆస్పత్రిలో చేరికలు అంతకుముందు ఏటా సగటున 5.2 శాతం చొప్పున పెరుగుతుండగా, నిషేధం తర్వాత ఏటా 18.2 శాతం చొప్పున తగ్గాయని 2010లో న్యూ ఇంగ్లండ్ వైద్య పత్రిక ప్రచురించింది. 2014లో లాన్సెట్ పలు దేశాల అధ్యయనాలను కలిపి చూసినప్పుడు కూడా ఇలాంటి చట్టాల తర్వాత పిల్లల ఉబ్బసం చేరికలు, నెలలు నిండని కాన్పులు రెండూ దాదాపు పదో వంతు తగ్గినట్టు తేలింది.

కానీ ఆ 39 శాతం అందరు పిల్లలకూ సమానంగా దక్కలేదు. ఇంట్లో తండ్రి ఒక్కడే తాగేచోట, ఎవరూ తాగని చోట తగ్గుదల బాగా ఉంది. తల్లి కూడా తాగే ఇళ్లలో తేడా దాదాపు లేదు. బిడ్డ పక్కన ఎక్కువసేపు ఉండే మనిషి తాగితే బహిరంగ నిషేధం ఆ బిడ్డకు ఉపయోగపడలేదన్నమాట. ఉత్తరాంధ్ర అమ్మమ్మల విషయంలో ఈ సంగతి గుర్తుపెట్టుకోవాల్సింది.

స్కాట్లాండ్ కథను మన దగ్గర యథాతథంగా ఆశించలేం. మనకు దగ్గరగా ఉన్నది ఢాకా. అక్కడ 12 ప్రాథమిక పాఠశాలల్లో దాదాపు 480 మంది పిల్లల ఉమ్ము పరీక్షిస్తే 95 శాతం మందిలో పొగాకు జాడ కనిపించింది. వాళ్లలో ఇంట్లో పొగ తాగేవాళ్లున్నది 43 శాతం పిల్లలకే. మిగతావాళ్లకు ఎక్కడి నుంచి వచ్చింది? పక్కింటి కిటికీ, మెట్లు, టీ కొట్టు, రిక్షా, చుట్టాలు. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో మా ఇంట్లో ఎవరూ తాగరు అన్న మాట బిడ్డకు సగమే రక్షణ. హైదరాబాద్ బస్తీలకూ విజయవాడ కొండల మీది ఇళ్లకూ స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరో కంటే ఢాకానే దగ్గర పోలిక.

ఇంటి విషయంలో ఇప్పటిదాకా ఎక్కువగా చేసింది తల్లిదండ్రులకు చెప్పడం. కరపత్రం, డాక్టర్ సలహా, పొగ హానికరమన్న ప్రకటన. వీటి ఫలితం గొప్పగా లేదు. ఇలాంటి ప్రయత్నాల మీద వచ్చిన 78 అధ్యయనాలను 2018లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ ఒకచోట చేర్చి చూస్తే, పనిచేసినట్టు చూపినవి 26. అంటే మూడింట ఒక వంతు. తెలియకపోవడమే అసలు అడ్డంకి అయితే చెప్పడం ఇంతకంటే బాగా పనిచేసేది.

అడ్డంకి ఎక్కడుందో కేరళలో చేసిన ఒక పని చూపించింది. ఇళ్లను పొగ లేనివిగా మార్చడానికి అక్కడ కొన్ని ఊళ్లలో ప్రయత్నించి, 2015లో ఫలితాలు ప్రచురించారు. మొదలుపెట్టేనాటికి పొగ తాగే మగవాళ్లలో 70 నుంచి 80 శాతం మంది ఇంట్లోనే తాగుతున్నారు. ఇంట్లో తాగొద్దని 80 శాతం ఆడవాళ్లు అప్పటికే అడిగారు. ఈ రెండో అంకె దగ్గర కాసేపు ఆగాలి. ఆ ఇల్లాళ్లకు విషయం తెలుసు, చెప్పారు కూడా, వాళ్ల మాట చెల్లలేదు. తమ వల్ల కాదని చాలామంది అన్నారు. ఊరంతా కలిసి అనుకుంటే మాత్రం తామూ నిలబడతామన్నారు. అప్పుడు ఆరోగ్య కార్యకర్తలు, స్థానిక సంఘాలు కలిసి దాన్ని ఒక ఇంటి గొడవగా కాక ఊరి కట్టుబాటుగా తీసుకొచ్చారు. ఆ తర్వాత చూస్తే, చోటును బట్టి పొగ తాగేవాళ్లలో 34 నుంచి 59 శాతం మంది ఇంట్లో తాగడం మానేశారు. పొగ తాగడం మానమని కాదు వాళ్లను అడిగింది, గడప దాటమని. మగవాడి అహం దానికి అంతగా అడ్డు రాలేదు. చట్టం కూడా అవసరం రాలేదు.

కోడలు మామగారితో "మామయ్యగారూ, బాబు దగ్గర కాల్చకండి" అనలేకపోవడం, పుట్టింట్లో పురుడు పోసుకుంటున్న కూతురు కూడా తండ్రితో ఆ మాట అనడానికి తల్లిని మధ్యలో పెట్టుకోవడం ఇవన్నీ మన దగ్గర ఉన్నవే. మామగారికి బిడ్డంటే ప్రేమ లేక కాదు. తన ఇంట్లో తాను ఎక్కడ కూర్చోవాలో ఇంకొకరు చెప్పడం ఆయనకు నచ్చదు. అదే మాట ఏఎన్ఎం అంటే నొచ్చుకోడు, డాక్టర్ అంటే వింటాడు, వీధిలో అందరూ బయటే కాలుస్తుంటే అసలు చెప్పించుకోవాల్సిన పని రాదు.

తెలుగు ఆడవాళ్లకు ఊరి కట్టుబాటు కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా వెళ్లింది. ఇంట్లో ఒంటరిగా చెల్లని మాట సారా కొట్టు ముందు వందమంది కలిసి అంటే చెల్లింది. పొగకు, సారాకు తేడా ఉంది. సారా కూలి డబ్బులు మింగేది, తాగొచ్చి కొట్టడానికి దారితీసేది, అందుకే ఆ కోపం అంత పెద్దది. బీడీ మీద ఎవరికీ అంత కోపం రాదు, రావాల్సిన అవసరమూ లేదు. ఇక్కడ కొట్టు మూయించాల్సిన పని లేదు. కేరళలో చేసింది చేయడానికి కావాల్సిన మనుషులు రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పటికే ఉన్నారు: డ్వాక్రా కాలం నుంచి నెలనెలా కూర్చునే మహిళా సంఘాలు, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీలు. అపార్ట్‌మెంట్లలో అయితే అసోసియేషన్లున్నాయి. నీళ్ల ట్యాంకర్ గురించి, పార్కింగ్ గురించి గంటలకొద్దీ వాదించుకునే ఆ మీటింగుల్లో మెట్ల మీద, లిఫ్టు దగ్గర పొగ గురించి ఒక్క తీర్మానం రావడం అరుదు.

మానాలనుకునేవాళ్లకు ప్రభుత్వ ఉచిత ఫోన్ లైన్ 1800-11-2356 ఉంది, సిగరెట్ పెట్టెల మీదే ఆ నంబర్ వేస్తారు. దక్షిణాది భాషలవాళ్లకు బెంగళూరులోని నిమ్‌హాన్స్ కేంద్రం సాయం చేస్తుంది. బిడ్డ పుట్టిన ఏడాది చాలామంది మగవాళ్లు మానేద్దామనుకునే ఏడాది కూడా. కానీ మన వైద్య వ్యవస్థ ఆ సమయాన్ని వాడుకోవడం లేదు. గర్భిణిని నెలనెలా పరీక్షిస్తారు, భర్తను ఎవరూ ఏమీ అడగరు. టీకాలకు బిడ్డను ఎత్తుకొచ్చేది తల్లో అమ్మమ్మో, బీడీ తాగేవాడు బయట బండి మీద కూర్చుని ఉంటాడు.

పిల్లికూతలతో, ఆయాసంతో బిడ్డను తెచ్చినప్పుడు ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా అని కొందరు డాక్టర్లు అడుగుతారు. "వాళ్ల నాన్న తాగుతాడు గానీ బయటే" అన్న జవాబు వస్తుంది, అక్కడితో చీటీ రాయడం మొదలవుతుంది. ఇంకో రెండు ప్రశ్నలకు నిమిషం కూడా పట్టదు. బయట అంటే ఎక్కడ, బాల్కనీలోనా, వీధిలోనా? తాగి వచ్చాక చొక్కా మార్చుకుని, చేతులు కడుక్కునే బిడ్డను ఎత్తుకుంటాడా? ఆ జవాబులు ఆస్పత్రి రికార్డులోకి ఎక్కితే, పొగ పీల్చే పిల్లలు ఎందరో చెప్పడానికి పెద్దవాళ్ల సర్వే మీద ఆధారపడాల్సిన అవసరం కొంతైనా తగ్గుతుంది.